మొక్కజొన్న దానా, పాత మౌల్డు

జీడిమెట్లలో థర్మోకోల్ పని చేసేవాళ్లం 2022 జులై 1ని మరిచిపోలేం. ఆ రోజు నుంచి అలంకరణకి వాడే థర్మోకోల్‌ని దేశమంతటా నిషేధించారు. వినాయక చవితి మండపాలకీ పెళ్లి స్టేజీలకీ పువ్వులు, స్తంభాలు కోసి ఇచ్చే చిన్న యూనిట్లకి ఒక్కసారిగా చేతిలో పని లేకుండా పోయింది. నాది ప్యాకింగ్ పని. పంపుసెట్ల అడుగున పెట్టే దిమ్మలు, మందుల పెట్టెలు, చేపల పెట్టెలు చేస్తాం. వాటి జోలికి చట్టం రాలేదు. కానీ వాడి పారేసిన పెట్టె పగిలి, గింజలు గింజలుగా విడిపోయి మురుగు కాలవలో తేలుతుంటే చూసినప్పుడల్లా ఇది ఎల్లకాలం సాగే వ్యవహారం కాదని అనిపిస్తూనే ఉంది.

మా అమ్మాయి, అల్లుడు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు చూడాల్సినవాటిలో నేను మొదట రాసుకున్న పేరు రోటొరువా. మొక్కజొన్న పిండి నుంచి తీసే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌ని థర్మోకోల్ లాగా ఉబ్బించి, మన మౌల్డింగ్ మెషీన్ల మీదే పెట్టెలు చేసే పద్ధతిని అక్కడి సయాన్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో అభివృద్ధి చేశారు. జియాలాఫోమ్ అని పేరు పెట్టారు. కొత్త సరుకు కోసం కొత్త ఫ్యాక్టరీ కట్టుకోమంటే మాలాంటి వాళ్లం తలుపులు మూసుకోవాల్సిందే. ఉన్న మెషీన్ మీద నడుస్తుందన్న ఆ ఒక్క మాటే నన్ను అంతదూరం నడిపించింది.

ఆక్లండ్ నుంచి రోటొరువా సుమారు 230 కిలోమీటర్లు. హామిల్టన్ దాటాక దారికి రెండు పక్కలా పచ్చిక బయళ్లు, ఆవుల మందలు. టీరావు అనే చిన్న ఊళ్లో ముడతల రేకులతో కుక్క ఆకారంలో ఒక భవనం, దాని పక్కనే గొర్రె ఆకారంలో ఇంకొకటి కట్టారు. "మామయ్యగారూ, ఇక్కడ దిగి ఫొటో తీసుకుందాం" అన్నాడు అల్లుడు. దిగాం గానీ నా మనసు అక్కడ లేదు. ఈ దేశం పాలు, మాంసం, చేపలు, కివీ పళ్లు పైదేశాలకి పంపి బతుకుతుంది. సరుకు చెడకుండా చేర్చే పెట్టె వీళ్లకి చిన్న విషయం కాదు. పైగా 2022 అక్టోబరు 1 నుంచి ఇక్కడ హోటల్ పార్శిళ్లకి థర్మోకోల్‌కి ముడిసరుకైన పాలిస్టైరీన్ డబ్బాలు కూడా ఆపేశారు.

రోటొరువాలో అడుగుపెట్టగానే గంధకం వాసన. భూమి లోపలి వేడి అక్కడ రోడ్డు పక్కన కూడా ఆవిరై పైకి వస్తుంటుంది. ఊరి అంచున ఫకరెవరెవ అడవి, అందులో 1901లో నాటిన రెడ్‌వుడ్ చెట్లు. ఆ అడవిని ఆనుకునే సయాన్. 1947లో అటవీ పరిశోధన కేంద్రంగా మొదలైంది. 2021లో తెరిచిన కొత్త భవనం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏటవాలు కొయ్య దూలాలు ఒకదాన్నొకటి పట్టుకుని మూడంతస్తుల బరువు మోస్తున్నాయి. చెక్కతో ఇంత చేయగలమని నమ్మినవాళ్లే మొక్కల నుంచి ప్లాస్టిక్ గురించీ ఆలోచించారని తోచింది.

పాలిమర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాతో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ఆయన రసాయనశాస్త్రాన్ని రెండు మాటల్లో తేల్చేశారు. పిండిని చక్కెరగా మార్చి, పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది, పెరుగు పులిసినప్పుడు పుట్టేది అదే. దాన్ని గొలుసులుగా పేరిస్తే పీఎల్‌ఏ. డ్యూపాంట్ కంపెనీలో కరోథర్స్ 1930ల్లోనే దీనిమీద పనిచేశారు. అమెరికాలోని నెబ్రాస్కాలో మొక్కజొన్న నుంచి, థాయ్‌లాండ్‌లో చెరకు నుంచి పెద్ద ఎత్తున తీస్తున్నారు. మన ఉత్తరప్రదేశ్‌లో బలరాంపూర్ చీనీ మిల్స్ కూడా చెరకు నుంచి పీఎల్‌ఏ తీసే ప్లాంటు తలపెట్టిందని నేను చెబితే ఆయన ముఖం వెలిగింది.

"ప్లాస్టిక్ దొరకడం కష్టం కాదు, అందులో గ్యాస్ నిలపడమే కష్టం" అన్నారాయన. ఆ తర్వాత రెండు గంటలూ గ్యాస్ గురించే మాట్లాడుకున్నాం.

మనకి వచ్చే పాలిస్టైరీన్ గింజల్లో, అంటే దానాలో, పెంటేన్ గ్యాస్ ముందే ఎక్కించి ఉంటుంది. సంచి మూతి కట్టి ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. ఆవిరి తగలగానే పెంటేన్ వ్యాకోచించి, వేడి ఇసకలో మరమరాలు పొంగినట్టు గింజ పొంగుతుంది. పీఎల్‌ఏకి వీళ్లు పెంటేన్ వాడరు, కార్బన్ డయాక్సైడ్ వాడతారు. మంటలంటుకునే భయం లేదు. మూసిన పాత్రలో దానా పోసి, ద్రవరూపంలో ఉన్న ఆ గ్యాస్‌లో నానబెడతారు. మామూలు గది వేడిలో అది ద్రవంగా ఉండాలంటే 60 బార్ల దరిదాపు ఒత్తిడి కావాలి. వంటగ్యాస్ సిలిండర్లో ఉండే ఒత్తిడి ఇందులో ఆరో వంతుకి మించదు. ఇంత కష్టపడి ఎక్కించిన గ్యాస్ బయటికి తీయగానే పారిపోవడం మొదలుపెడుతుంది. అందుకే దానాని వెంటనే బాగా చల్లటి చోట దాచాలి. చలిలో గ్యాస్ కదలిక మందగిస్తుంది.

ఆయన చెప్పిందంతా కళ్లారా చూసింది మాత్రం తిరిగి ఆక్లండ్ వచ్చాకే. ఊరికి దక్షిణాన ఒక మౌల్డింగ్ యూనిట్లో ఇలాంటి దానాతో చేపల పెట్టె ట్రయల్ వేస్తున్నారని తెలిసి, అల్లుడి స్నేహితుడి ద్వారా లోపలికి వెళ్లాం. షెడ్డులో కాలుపెట్టగానే ఊరికి దూరంగా ఉన్నానన్న సంగతి మరిచిపోయాను. అదే బాయిలర్ రొద, అవే గొట్టాలు, గోడ వారన అవే గుడ్డ సైలోలు. ఆపరేటర్ సమోవా మనిషి, నా వయసువాడే. ఒకటే తేడా, మెషీన్ పక్కన పెద్ద ఫ్రీజరు ఉంది.

అందులోంచి తీసిన దానాని నా అరచేతిలో పోశాడు. మిల్లీమీటరు పైచిలుకు గింజలు, మసక తెలుపు. వేలి వేడికే వాటి మీది మంచు కరిగింది. మా షెడ్డులో ఒంటికి పట్టేసే పెంటేన్ వాసన ఇక్కడ ఎంత పీల్చినా తగల్లేదు. గింజల్ని వెచ్చటి ప్రీ-ఎక్స్‌పాండర్లో పోస్తే నిమిషం తిరక్కుండానే తెల్లగా పొంగాయి. పొంగిన వాటికి తక్కువ ఒత్తిడిలో మళ్లీ కాస్త గ్యాస్ పట్టించాడు. మౌల్డులో గింజలు ఇంకొంచెం ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే అతుక్కుంటాయి, ఆ బలం ఈ రెండో విడత గ్యాస్ ఇస్తుంది.

ఇక మౌల్డు దగ్గరే అసలు పరీక్ష. పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మన ఆవిరికి అది సరిగ్గా సరిపోతుంది. పీఎల్‌ఏ 60 దగ్గరే మెత్తబడుతుంది. ఆవిరి ఒక క్షణం ఎక్కువైతే కుంచించుకుపోతుంది. భయపడి వేడి తగ్గిస్తే గింజ అతుక్కోదు. నిదానంగా వేడి చేద్దామంటే లోపల గొలుసులు వరస కట్టి స్ఫటికంగా బిగుసుకుంటాయి, ఆ పైన ఎంత ఆవిరి పట్టినా ఫలితం ఉండదు. లాక్టిక్ ఆమ్లంలో ఎడమచేయి కుడిచేయి లాంటి రెండు రూపాలుంటాయి. రెండో రూపం కొంచెం కలిపిన గ్రేడు తీసుకుంటే ఆ వరస కట్టడం ఆలస్యమవుతుంది. ఆ కాస్త ఆలస్యంలోనే ఆపరేటర్ పని కానిచ్చుకోవాలి.

మొదట వచ్చిన పెట్టె మూలలు లోపలికి పీక్కుపోయాయి. ఆవిరి తగ్గించాడు. తర్వాతిది పైకి నున్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. అతను దాని గోడని మోకాలికి ఆనించి ఫట్‌మని విరిచి నా ముందు పెట్టాడు. విరిగిన చోట గింజలు గింజలుగానే ఉన్నాయి, వేలితో గీరితే రాలాయి. ఇద్దరం ఒకేసారి తల అడ్డంగా ఊపాం. మా షెడ్డులో కూడా సరుకుని ఇలాగే విరిచి చూస్తాం. గింజ మధ్యలోంచి చీలితే అతుకు గట్టిది, గింజల సందుల్లోంచి విడిపోతే పనికిరాదు. అతను వాల్వు దగ్గర చెవి పెట్టి, ఆవిరి శబ్దం వింటూ, స్క్రీన్ మీది అంకెల్ని పట్టించుకోకుండా టైమింగు మార్చాడు. ఆ తర్వాత విరిచిన ముక్కలో ప్రతి గింజా మధ్యకి చీలి, తెల్లటి కడుపు కనిపించింది. శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లు పడ్డ కష్టం చివరికి ఇలాంటి మనిషి చెవి మీదా చేతి మీదా ఆధారపడుతుంది. పరిశోధన సంస్థలు ఇలాంటి ఆపరేటర్లని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోవాలి, ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

వాడేశాక పెట్టెకి ఏ గతి పడుతుందని అడిగాను. అతను దాపరికం లేకుండా చెప్పాడు. పీఎల్‌ఏ దానంతటది మట్టిలో కలిసిపోదు. 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి వేడి నిలిచే పెద్ద కంపోస్ట్ యార్డు కావాలి. ఇక్కడా చాలా యార్డులవాళ్లు ఇలాంటి ప్యాకింగ్ తీసుకోవడానికి ఒప్పుకోరట. కాలవలో పడేస్తే ఇదీ థర్మోకోల్ లాగే తేలుతుంది. మొక్క నుంచి వచ్చింది కదా అని ఎక్కడ పడితే అక్కడ పారేయొచ్చని ఎవరైనా అమ్మితే అది మోసం.

మనకి ఇంకో చిక్కు, ఎండ. మే నెలలో విజయవాడ బైపాస్ మీద ఆపిన మూసిన కంటైనర్ లోపల 60 డిగ్రీలు దాటడం కొత్త కాదు. టీవీ చుట్టూ పెట్టిన పీఎల్‌ఏ దిమ్మ ఆ వేడికి వంగిపోతుంది. చేపల పెట్టెలో ఎలాగూ ఐసు ఉంటుంది. పైగా అది హార్బర్ నుంచి బయల్దేరి ఏదో ఒక మార్కెట్లోనే దిగుతుంది, ఖాళీ పెట్టెలన్నీ అక్కడే పోగవుతాయి. వాటిని ఏరి యార్డుకి పంపడం ఇంటింటి చెత్తలోంచి ఏరడం కన్నా ఎన్నో రెట్లు సులువు. అందుకే మొదలుపెడితే చేపల పెట్టెతోనే మొదలుపెట్టాలి.

మా యూనిట్లో బాయిలర్ ఉంది, ప్రీ-ఎక్స్‌పాండర్ ఉంది, మౌల్డులున్నాయి. లేనివి కోల్డ్ రూమూ, గ్యాస్ ఎక్కించే పాత్రా. కోల్డ్ రూము భీమవరం రొయ్యల ప్లాంట్లకి కట్టేవాళ్లే కట్టిపెడతారు. పాత్రకి మాత్రం ఒత్తిడి పాత్రలకి అనుమతులిచ్చే నాగ్‌పూర్‌లోని పెసో సంస్థ నుంచి అనుమతి తెచ్చుకోవాలి, ఖర్చూ ఒక్కడు మోసేది కాదు. కానీ మా వాడలో నలుగురం కలిస్తే ఒక్క పాత్రే అందరికీ చాలు. గ్యాస్ పట్టిన దానాని చల్లటి పెట్టెల్లో ఎవరి షెడ్డుకి వాళ్లు తీసుకెళ్లొచ్చు. ఆ లెక్కలన్నీ కాగితం మీద పెట్టాను, మా అసోసియేషన్ మీటింగులో చదువుతాను.