అరుగు మీద అమెరికా

నేను అమెరికాని మొదట చూసింది నూనె డబ్బా మీద. మా ఎలిమెంటరీ స్కూలు వెనక తాటాకు పాకలో, మసిబట్టిన పొయ్యి పక్కన ఆ డబ్బాలూ పిండి బస్తాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. అన్నింటి మీదా ఎర్రచారల డాలు బొమ్మ, దాని మధ్య కలుపుకున్న రెండు చేతులు. ఎవరివి అనడిగితే వంటచేసే ఆయమ్మ ‘ఒకటి కెన్నెడీది, రెండోది నెహ్రూది’ అనేది, అప్పటికి ఇద్దరూ పోయి ఏడెనిమిదేళ్లయినా. పదకొండున్నరకి పచ్చటి కేర్ ఉప్మా ఉడుకుతుంటే, పొగా, రేకు వాసనా, మాకు పేరు తెలియని నూనె వాసనా కలిసి తరగతిలోకొచ్చి, పదమూడో ఎక్కం దగ్గర నన్ను రోజూ తప్పించేవి. బాదం ఆకులో వేసేవాళ్లు. అంత రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు, అది ఆకలి రుచే అయ్యుంటుంది.

ఇంటికొస్తే తాతయ్య ‘ఇవాళా సామ్రాజ్యవాదుల ఉప్మా తిన్నావట్రా?’ అంటూ, మూతికంటిన పిండిని తన కండువా చెంగుతోనే తుడిచేవాడు.

తాతయ్యది విశాలాంధ్ర. బెజవాడ నుంచి బస్సులో ఆ పేపరు మా ఊరు చేరేసరికి ఎండెక్కేది. ఎదురింటి తాత రంగాగారి మనిషి, స్వతంత్ర పార్టీ కరిగిపోతున్నా ఆయన కరగలేదు. ఇద్దరూ ఒకరికొకరు బావలు. సాయంత్రం వార్తల వేళకి మర్ఫీ రేడియో కిటికీలోకొచ్చేది, అరుగు మీద చాప పడేది, చుట్టలు వెలిగేవి, గుడివాడ దాటి ఎరగని మనుషులు హనోయి మీద పడ్డ బాంబుల గురించి పక్కచేలో గట్టు తగాదా అన్నంత దగ్గరగా మాట్లాడుకునేవాళ్లు. నేను తాతయ్య వీపుకానుకుని, సోవియట్ భూమి నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలేసుకుంటూ వినేవాణ్ణి. లోపల లెక్కలు, పైన గోధుమ చేలల్లో నవ్వుతున్న రష్యా ఆడపిల్ల.

1971 డిసెంబరు, కుప్పనూర్పిళ్ల రోజులు. అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతంలోకొస్తోందని, అందులో ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ మీదికి విమానాలే దిగుతాయని రేడియో చెప్పిన రాత్రి అరుగంతా చల్లబడిపోయింది. కళ్లంలో ధూళి ఇంకా ఒంటి మీదే ఉన్న మా పాలేరు చాలాసేపాగి ‘మంగినపూడి కాడ సముద్రం ఎంత లోతుంటదండీ?’ అన్నాడు. ‘మోకాలి లోతు. రమ్మను, బురదలో దిగబడుద్ది’ అన్నాడు తాతయ్య. అందరూ నవ్వారు, ఎదురింటి తాత కూడా. ఆ రాత్రి నా కలలోకొచ్చిన ఓడ మీద మాత్రం ఆ రెండు చేతులే ఉన్నాయి. పదహారున ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మాకు ఉప్మా ఆగలేదు.

1974 ఆగస్టు 9 పొద్దున, నాట్లకి మనుషుల్ని పిలవడానికి వెళ్తూ గుమ్మంలోనే ఆగిపోయి విన్నాడు తాతయ్య, నిక్సన్ రాజీనామా. రష్యాతో ఇందిరమ్మ ఒప్పందం చేసుకుని సరిగ్గా మూడేళ్లని వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. సాయంత్రం అరుగు నిండింది గానీ ఎదురింటి తాత రాలేదు. వాటర్‌గేట్ అంటే గోదావరి మీద లాకుల్లాంటిదా అని ఎవరో అడిగితే కూడా తాతయ్యకి హుషారు రాలేదు, రెండుసార్లు వీధిలోకి చూశాడు. చివరికి రేడియో కట్టేసి, రెండు చుట్టలు బొడ్లో దోపుకుని వీధి దాటాడు. ‘నిక్సన్ పోతే నీకేంటి బావా, లే, చలిగాలేస్తోంది, దుప్పటి తెచ్చుకో’ అనడం ఇవతలికి వినపడింది.

తాతయ్య మునిమనవడు టెక్సాస్‌లో ఓటేసి, చొక్కాకి అంటించుకున్న చిన్న స్టిక్కరు ఫొటో మొన్నటి ఎన్నికలప్పుడు పంపాడు. ఎవరికేశావురా అంటే నవ్వి, అవన్నీ అడగకూడదు అన్నాడు. ఎదురింటి వాళ్ల పిల్లలదీ ఆ రాష్ట్రమే, వీడికి తెలీదట.

పోయిన సంక్రాంతికి వెళ్లాను. ఎదురింటికి తాళం. మా అరుగు సగం రోడ్డులో కలిసింది. పెరట్లో అమ్మ ఎప్పుడో కనకాంబరం నాటిన నూనె డబ్బా ఇంకా ఉంది, అడుగు తుప్పుతిని, ఓ పక్కకి ఒరిగి. మట్టి రాలుస్తూ ఇటు తిప్పి చూశాను. ఒక్క చెయ్యే మిగిలింది, అది కెన్నెడీదో నెహ్రూదో ఆయమ్మే చెప్పాలి.