పరదేశపు భోజనశాలలో

మన వద్ద ఇంటర్మీడియట్ ముగించి అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో చేరిన కడప విద్యార్థిని మొదటి మాసంలో నాకు ఫోను చేసి, “సార్, ఇక్కడ అందరూ ‘హౌ ఆర్ యూ’ అంటారు, జవాబు వినకుండానే వెళ్ళిపోతారు” అన్నది. అది పలకరింపే గాని ప్రశ్న కాదని గ్రహించడానికి ఆమెకు కొంతకాలం పట్టింది.

ఒహాయో రాష్ట్రంలో 1833లో వెలసిన ఓబర్లిన్ వలె ఇట్టి కళాశాలలు పెక్కు చిన్న పట్టణాలలోనే ఉన్నవి. విద్యార్థులు తక్కువ, అధికులు ఆవరణలోనే నివసిస్తారు. కనుక అక్కడ ఒంటరితనం దాగదు. భోజనశాలలో పళ్ళెం పట్టుకొని ఏ బల్ల వద్ద కూర్చోవాలో తోచక నిలబడడం తరగతిలో జవాబు తోచకపోవడం కన్న కష్టమట. కూరలో పంది మాంసం కలిసినదేమోనన్న అనుమానం దానికి తోడు.

వారివలె మారిపొమ్మని సలహా ఇచ్చేవారు చాలామంది. నాకది రుచించదు. మన కడపలో ఉగాదినాడు ముస్లిములు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శిస్తారు. అమీన్ పీర్ దర్గాకు హిందువులు వస్తారు. ఎవరి ఇల్లు వారిదే, గడప మాత్రం అందరిదీ. ఆమెకు ఈ మాటే చెప్పాను.

విద్యార్థి వీసాపై ఉన్నవారు చదువు సాగే రోజులలో వారానికి 20 గంటల వరకు ఆవరణలో పనిచేయవచ్చు. ఆమె గ్రంథాలయంలో చేరింది. పుస్తకాలు సర్దుతూ ఉండగా మాటలు వాటంతటవే పుట్టినవి. రంజానులో తోటి పనివారు ముగ్గురిని ఇఫ్తారుకు పిలిచి, వసతిగృహపు వంటగదిలో ఉగ్గాని చేసిందట. బొరుగులు దొరకక అటుకులతో చేసింది! అది ఉగ్గాని కాదని నేను వాదించాను. వచ్చినవారిలో ఒకమ్మాయి మాత్రం మళ్ళీ ఎప్పుడు చేస్తావని అడిగిందట.