పచ్చ దీపం



మా సంఘ పెద్ద ఒకాయన కొత్తగూడెం సింగరేణిలో పని చేసి రిటైరయ్యారు. వారి నాన్నగారి నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇప్పటికీ ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉంది. మన యౌవనస్థులు ఆ పేరు కూడా విని ఉండరు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది. అదే హెరాల్డ్ చట్రాన్ని పొట్టి చేసి 1962లో ఇంగ్లండువాళ్లు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తీసుకొచ్చారు. "మనది స్పోర్ట్స్ కారుకు అక్క, అయ్యగారూ" అని పెద్దాయన మురిసిపోతుంటారు.

క్రిస్మస్ అయిన వారం, పాల్వంచ నుంచి కిన్నెరసాని డ్యాముకు పోయే దారిలో, ఆయన స్టీరింగు నా చేతికిచ్చారు. రెండు వైపులా టేకు చెట్లు, చల్లగాలి. నాకు చిన్నపిల్లవాడి సంతోషం. కొన్ని కిలోమీటర్లు పోయాక మీటరులో ఒక చిన్న దీపం మినుకుమంది, తర్వాత నిలకడగా వెలిగింది. పచ్చ దీపం. పచ్చ రంగే కదా, అంతా బాగుందని కాబోలు అనుకొని పోనిస్తూనే ఉన్నాను.

పెద్దాయన అటు అడవి వైపు చూస్తున్నవారు ఇటు తిరిగి ఒక్క కేక పెట్టారు. "అయ్యగారూ, ఆపండి! ముందు కీ తిప్పేయండి!"

ఆపాను. బండి కింద నల్లగా ఆయిల్ కారుతోంది. ఫిల్టరు దగ్గర సీలు పోయిందట.

కొడుకు బండి మీద సామాను తెచ్చేవరకు ఒక ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. అప్పుడు ఆయన నాకు పాఠం చెప్పారు. ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్ ఒత్తిడి ఉందో లేదో చెబుతుంది. ఇంజనుకు చిన్న స్విచ్చు ఉంటుంది. పంపు ఆయిల్‌ను తోస్తున్నంతసేపు ఆ స్విచ్చు విడిగా ఉంటుంది, దీపం ఆరి ఉంటుంది. ఒత్తిడి పడిపోతే స్విచ్చు కలుస్తుంది, దీపం వెలుగుతుంది. లోపల క్రాంక్ షాఫ్టు తిరిగేది సన్నని ఆయిల్ పొర మీద. ఆ పొర పోతే ఇనుమును ఇనుము కొరుక్కుంటుంది. మెల్లగా ఇంటికి పోదామనడానికి వీల్లేదు.

"మరి ఎర్ర దీపం పెట్టాలి కదండీ?" అన్నాను.

"ఎర్ర దీపం ఛార్జింగుది. ఈ బండిలో ఆయిల్‌ది పచ్చదే పెట్టారు. ఇప్పటి బండ్లలో ఆయిల్ దీపం ఎర్రగా వస్తుంది. రంగు చూసి మోసపోకూడదు అయ్యగారూ, ఏ దీపం దేనిదో తెలిసుండాలి" అన్నారు.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఎందుకో చెబుతాను. ఆ సహోదరుని అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాను.

2021-22లో మన ఖమ్మం ప్రాంతంలో మిర్చి తోటలకు నల్ల తామర పురుగు సోకిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా సంఘంలో ఒక సహోదరుడు కౌలుకు తీసుకొని మిర్చి వేశాడు. ప్రతి ఆదివారం గుడి ముందు నేను "బాగున్నారా?" అని అడిగేవాణ్ణి. "దేవుని కృపవలన బాగున్నామయ్యా" అని నవ్వేవాడు. పచ్చ దీపం. నేను చేయి కలిపి ముందుకు సాగిపోయేవాణ్ణి.

ఇప్పుడు వెనక్కి చూస్తే అన్నీ కనబడుతున్నాయి. ముందు వరుసలో కూర్చునే మనిషి తలుపు దగ్గరికి మారాడు. ఆశీర్వాదం చెప్పకముందే లేచి వెళ్లిపోయేవాడు. వాళ్లావిడ చెవులకు కమ్మలు లేవు. ఏటేటా ప్రథమ ఫలంగా మిరపకాయల సంచి తెచ్చే ఇంటినుంచి ఆ ఏడు ఏమీ రాలేదు. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. ఒక రాత్రి ఆయన పురుగుమందు తాగాడని ఫోన్ వచ్చింది. ఆసుపత్రికి చేర్చారు, దేవుడు ప్రాణం నిలిపాడు. నేను మంచం పక్కన నిలబడితే ఆయన అన్న మొదటి మాట, "మీకెట్ల చెప్పాలయ్యా, మీరు సంతోషంగా అడుగుతుంటిరి" అని.

రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో షూనేమీయురాలిని చూడండి. కొడుకు ఇంట్లో చనిపోయి ఉన్నాడు. ఆమె గాడిద మీద కర్మెలు కొండకు వెళ్లింది. గేహజీ ఎదురువెళ్లి క్షేమమా అని అడిగితే క్షేమమేనంది. గేహజీ ఆ జవాబుతో సరిపెట్టుకున్నాడు. ఆమె ప్రవక్త కాళ్లు పట్టుకుంటే తోసివేయబోయాడు కూడా. ఎలీషా మాత్రం ఆమె ప్రాణం ఎంత వ్యాకులపడుతోందో గ్రహించి, ఆమెను ఉండనిమ్మన్నాడు. సంగతేమిటో దేవుడు ఎలీషాకు కూడా ముందుగా తెలియజేయలేదు. అయినా ఆయన ఆగాడు, ఆమె మాట విన్నాడు, ఆమె వెంట ఇంటిదాకా నడిచాడు. ఇన్నేళ్ల సేవలో నేను ఎన్నిసార్లు గేహజీనయ్యానో ఆ ఇప్పచెట్టు కింద లెక్క వేసుకున్నాను.

పెద్దాయన మరో సంగతి చెప్పారు. కీ తిప్పగానే, ఇంజను స్టార్టు కాకముందు, ఆ రెండు దీపాలూ వెలగాలి. స్టార్టయ్యాక ఆరిపోవాలి. మొదట వెలగని దీపం ఉంటే సంతోషించకూడదు, బల్బు మాడి ఉండవచ్చు. అలాంటి బండి ప్రమాదం వచ్చినా నోరెత్తదు. ఇంట్లో అసలేమీ చెప్పని మనిషి ఉంటే మనం "ఆయనతో ఏ ఇబ్బందీ లేదు" అంటాం. ప్రియులారా, ఆ మౌనాన్ని కూడా ఒకసారి పరీక్షించండి.

ఇప్పుడు నేను "బాగున్నారా" దగ్గర ఆగడం లేదు. "రాత్రి నిద్ర పడుతోందా? అప్పు సంగతి ఏమైంది?" అని అడుగుతున్నాను. గుడి ముందు కాదు, ఇంటికి వెళ్లి, మంచం మీద కూర్చొని అడుగుతున్నాను. ఆ సహోదరుని అప్పు ఇంకా తీరలేదు. కానీ దాన్ని గురించి ఇప్పుడు నలుగురం కలిసి మాట్లాడుకుంటున్నాం. ఆయన మళ్లీ రెండో వరుసదాకా వచ్చాడు.

ఇది చదువుతున్న మీలో ఎవరి లోపలైనా ఆ ఆయిల్ పొర ఎండిపోయి ఉంటే, దయచేసి ఇంటిదాకా లాక్కుపోదామనుకోవద్దు. బండి ఆపండి. నాకు చెప్పండి, మీ సంఘ పెద్దకు చెప్పండి. అర్ధరాత్రి అయినా సరే, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. సహాయం అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. షూనేమీయురాలు గాడిదకు గంతకట్టి బయలుదేరింది విశ్వాసంతోనే.

ప్రభువా, మా సహోదరుని నవ్వు వెనుక ఉన్నది చూసే కన్నులు మాకు దయచేయుము. మా నోటితో నిజం చెప్పే ధైర్యం మాకు దయచేయుము. యేసు నామమున, ఆమేన్.