ఇంటిలోన బిడ్డల ఛాయాచిత్రములు

కొడవలూరు వంటి యూళ్లలో మిద్దె యిండ్ల నడిమి గదులు పట్టపగలైనను మసకగానే యుండును. మన కన్ను దానికి అలవాటుపడును గాని కెమెరా పడదు. చాలినంత వెలుతురు చేరువఱకు తన రెప్పను, అనగా షట్టరును, తెఱచియే యుంచును. ఆలోపల బిడ్డ తల త్రిప్పును, ముఖము చెదరును. చేయి వణకినదని తల్లులు తమ్ము నిందించుకొందురు. అది న్యాయము కాదు. కెమెరాను స్టాండుపై నిలిపినను బిడ్డ నిలుచునా?

పందొమ్మిదవ శతాబ్దమున సీమలోను అమెరికాలోను, ఒక చిత్రమునకు కొన్ని సెకనులు పట్టు కాలమున, తల్లి నిలువెల్ల ముసుగు కప్పుకొని బిడ్డను కదలకుండ ఒడిలో పట్టుకొనెడిది. బిడ్డ చిత్రమున నిలిచెను. తల్లి గుడ్డమూటయై పోయెను! ఆ చిత్రములు చూచినపుడెల్ల మాకు మనసు చివుక్కుమనును.

ఇప్పుడా యవస్థ లేదు. బిడ్డను వాకిలి చెంతకు దెచ్చి (గడపపై గాదు సుమా!) వెలుగు ముఖమున పడునట్లు కూర్చుండబెట్టవలెను. షట్టరు కాలమును సెకనులో 250వ వంతునకు తగ్గించి, ఐ.ఎస్.ఓ. అంకెను 1600 వఱకు పెంచుటకు జంకరాదు. చిత్రమున నలుసులు కొన్ని కనబడును, కనబడనిండు. పోలిక చెడదు గదా!

మా మనుమనికి మొన్న ముందరి పాలపళ్లు రెండు ఊడినవి. తండ్రి కువైటులో నున్నాడు. అతడు సెలవుపై వచ్చునప్పటికి క్రొత్త పళ్లు మొలచును. వసారాలో మామిడిపండు చేతికిచ్చి వరుసగా పది చిత్రములు తీసితిమి. రెండింట ఆ బోసినవ్వు స్పష్టముగా పడినది. ఆ రాత్రియే పంపితిమి.