అయిదు గళ్ళు, ఆరు ఛాన్సులు

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకి ఇంగ్లీషు చెవిలోంచి రాలేదు, స్పెల్లింగులోంచి వచ్చింది. మాట ఎలా పలకాలో తెలియకముందే అందులో అక్షరాలెన్నో, ఏది ఎక్కడ కూర్చుంటుందో కంఠతా వచ్చేసింది. ‘సి ఎ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అనే వరసలో పిల్లి వచ్చేది ఆఖర్న. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడమంటే నోరు పెగలనివాళ్ళు కూడా ‘నెసెసరీ’లో ఎస్‌లు ఎన్ని అని అడిగితే నిద్రలో లేపినా చెప్తారు. ఇన్నాళ్ళకి ఆ చదువుకి తగ్గ ఆట దొరికింది. పేరు వర్డిల్.

రోజుకి ఒకటే మాట, అయిదక్షరాల ఇంగ్లీషు మాట. ఆరు ఛాన్సుల్లో పట్టుకోవాలి. మనం కొట్టిన మాటలో అక్షరం సరైన చోట పడితే గడి ఆకుపచ్చ అవుతుంది. అక్షరం ఉంది గానీ చోటు తప్పయితే పసుపు. అసలు లేకపోతే బూడిదరంగు. బ్రూక్లిన్‌లో ఉండే జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తన సహచరి పలక్ షాకి మాటల ఆటలంటే ఇష్టమని ఆమె కోసం దీన్ని తయారుచేశాడు. తన ఇంటిపేరునే కాస్త మార్చి ఆటకి పెట్టాడు. అయిదక్షరాల మాటలు పోగేస్తే సుమారు 12,000 తేలాయి. వాటిలో ఎక్కువభాగం ఎవరూ వినని బాపతు. పలక్ షా ఒక్కో మాటా చూసి, తెలిసినవీ తెలియనివీ వేరుచేసి, చివరికి 2,500 దాకా మిగిల్చింది.

నన్నడిగితే ఈ ఆటకి ప్రాణం ఆ ఏరివేతలోనే ఉంది. ఎన్నడూ వినని మాట జవాబుగా వస్తే ఆట మీద కోపమొస్తుంది. రోజూ వాడే మాట తట్టకపోతే మన మీద మనకే ఉక్రోషం వస్తుంది. మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టేది ఆ ఉక్రోషమే. 2021 నవంబర్ 1న దీన్ని ఆడినవాళ్ళు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి 3 లక్షలు. 2022 జనవరి నెలాఖరున న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు కొనేశారు.

మొదటి మాట ఏం కొట్టాలన్నదాని మీద ఇళ్ళల్లో వాదనలు జరుగుతుంటాయి. చాలామంది ‘అడ్యూ’ అంటారు. ఎ, ఐ, ఇ, యు నాలుగూ ఒక్క దెబ్బతో తేలిపోతాయని వాళ్ళ లెక్క. నాకు దాని మీద గురి లేదు. ఎ, ఇ ఎందులోనైనా ఉండేవే, ఉన్నాయని తెలిసి ఒరిగేది తక్కువ. ఆర్, ఎస్, టి, ఎల్ ఉన్నాయో లేవో తెలిస్తే సగం దారి తెలిసినట్టే. లెక్కలు కట్టినవాళ్ళు ‘స్లేట్’, ‘క్రేన్’ లాంటివాటికి ఓటేసింది అందుకే. పలకతో మొదలుపెట్టడం మనకెలాగూ అలవాటే. ఇంకో కిటుకు: నాలుగక్షరాల మాట చివర ఎస్ తగిలించి చేసిన బహువచనాలని ఆ మొదటి జాబితాలో జవాబులుగా ఉంచలేదు. కాబట్టి ఎస్‌ని మాట ముందువైపు వెతకాలి. చివరి గడిలో ఇ గానీ వై గానీ కూర్చునే అవకాశం ఎక్కువ.

ఇంత తెలిసినవాడూ కాలుజారే చోటొకటుంది. రెండో ఛాన్సుకి ‘నైట్’ కొట్టాడనుకోండి. మొదటి గడి బూడిదరంగు, మిగతా నాలుగూ పచ్చ: ఐ, జి, హెచ్, టి. పక్కనుంచి చూసేవాళ్ళు ఇక అయిపోయిందనుకుంటారు. ‘లైట్’, కాదు. ‘రైట్’, కాదు. ‘ఫైట్’, కాదు. ‘మైట్’, అదీ కాదు. ఆరూ అయిపోయాయి. జవాబేమో ‘టైట్’! ‘సైట్’, ‘ఎయిట్’ ఇంకా క్యూలోనే ఉన్నాయి.

ఇక్కడ చెయ్యాల్సిన పని వేరే. మూడో ఛాన్సుకి ‘ఫిల్మ్స్’ కొట్టాలి. అది జవాబు కాదని కొట్టేవాడికీ తెలుసు. కానీ ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఏదో ఒకటి రంగెక్కితే నాలుగో ఛాన్సులో ఆట ముగుస్తుంది. ఏదీ ఎక్కకపోతే మిగిలేవి ‘రైట్’, ‘టైట్’, ‘ఎయిట్’, వాటికి ఇంకా మూడు ఛాన్సులున్నాయి. తప్పని తెలిసి తెలిసీ తప్పు రాయడం మాత్రం మన పరీక్షల చదువుకి ఒక పట్టాన మింగుడుపడదు. మా ఇంట్లోనే ఒకరు ‘అది మోసం’ అంటారు. హార్డ్ మోడ్ పెట్టుకుంటే ఆటే దీన్ని ఒప్పుకోదు లెండి, పచ్చబడ్డ అక్షరం కదలకూడదు.

అసలు ఆ జి, హెచ్‌లకి అక్కడేం పని? ఒకప్పుడు ‘నైట్’లో వాటికి గొంతుండేది. జర్మన్ వాళ్ళు రాత్రిని ‘నాఖ్ట్’ అంటారు చూడండి, దాదాపు ఆ ‘ఖ్’ లాంటిదే. కాక్‌స్టన్ అనే ముద్రాపకుడు 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తర్వాత స్పెల్లింగులు నెమ్మదిగా గట్టిపడుతుంటే, మరోవైపు జనం నోళ్ళలోంచి ఆ ధ్వని జారిపోయింది. చెవితో ఇంగ్లీషు నేర్చినవాడికి ఆ రెండక్షరాలూ దండగ. బట్టీ పట్టినవాడికి ఆ రెండు గళ్ళూ ముందే నిండి ఉంటాయి.

మన లిపిలో ఇదే ఆట పెడితే నడక మారిపోతుంది. ‘స్త్రీ’ని ఎన్ని గళ్ళలో రాస్తారు? గళ్ళ నుడికట్టు ఆడేవాళ్ళు ఒకటే అంటారు. ఒత్తులూ గుణింతాలూ కలిసి ఒక్కో గడిలో అంత సరుకు పడుతుంటే, అయిదు గళ్ళ మాటని ఆరు ఛాన్సుల్లో పట్టడం అయ్యేపని కాదు. మనవాళ్ళు గళ్ళ లెక్క మాటతో కాక పద్యంతో ఆడారు. అవధానంలో న్యస్తాక్షరి అంటే, ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలని పృచ్ఛకుడు ముందే చెప్పేస్తాడు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే, తర్వాత ఏది రాకూడదో పృచ్ఛకుడు అడ్డుపుల్ల వేస్తాడు. వర్డిల్‌లో పచ్చగడి, బూడిదగడి చేసేదీ ఈ పనే. కాకపోతే అవధానికి కీబోర్డుండదు, వెనక్కి తీసుకోవడమూ ఉండదు.

మళ్ళీ వర్డిల్‌కొస్తే, మన బట్టీ విద్య చిత్తయ్యేది అమెరికా స్పెల్లింగు దగ్గర. మనం దిద్దింది బ్రిటిష్ ఇంగ్లీషు, ‘కలర్’కి ఆరక్షరాలు. 2022 ఫిబ్రవరిలో ‘హ్యూమర్’ జవాబుగా వచ్చింది, అమెరికా లెక్కన అయిదక్షరాలతో. లండన్‌లో గోల చేశారు. ఆ మేలో ‘హోమర్’ వచ్చింది. బేస్‌బాల్‌లో హోమ్ రన్‌కి ముద్దుపేరది. బేస్‌బాల్ ఎరగనివాళ్ళంతా అర్థం కోసం కేంబ్రిడ్జ్ నిఘంటువు మీద పడ్డారు. ఎంతగా అంటే, ఆ ఏటి మాటగా కేంబ్రిడ్జ్ వాళ్ళు ‘హోమర్’నే ప్రకటించారు. మన సిక్సర్‌కీ అయిదక్షరాలే, అందులో ఎస్, ఇ, ఆర్ కూడా ఉన్నాయి. ఎప్పుడైనా అది జవాబుగా వస్తే, ఆ రోజు నిఘంటువు తిరగేసే వంతు అమెరికా వాళ్ళది.