‘డూ అవే విత్’... ఎత్తేశారా, లేపేశారా?

ఇంగ్లిషులో పెద్ద పదాలకు భయపడనక్కర్లేదు. నిఘంటువు తీస్తే అర్థం దొరుకుతుంది. అసలు తిప్పలు చిన్న పదాలతోనే! ‘డూ’ అంటే చేయడం, ‘అవే’ అంటే దూరంగా, ‘విత్’ అంటే తో. బళ్లో చేరిన రెండేళ్లకే పిల్లలకు ఈ మూడూ వచ్చేస్తాయి. మరి మూడూ కలిపి ‘డూ అవే విత్’ అంటే? ‘దూరంగా తో చేయడం’... అటు తిప్పి ఇటు తిప్పి చదివినా అర్థం పుట్టదు. ఇంగ్లిషువాళ్లకు మాత్రం అది రద్దు చేయడం, లేకుండా చేయడం. అదే మాట మనిషికి తగిలిస్తే చంపేయడం!

ఇలాంటి జంట మాటల్నే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. తెలుగు మీడియంలో చదివి ఉద్యోగాల వేటలో పడ్డ పిల్లలకు వ్యాకరణంలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇవి ఒక ఎత్తు. లెక్కా పత్రం లేకుండా ఇన్ని మాటలు ఎలా పుట్టుకొచ్చాయా అనిపిస్తుంది. కానీ దీని వెనకా ఓ లెక్క ఉంది. పూర్వం ‘డూ’కి చేయడమే కాదు, పెట్టడం, ఉంచడం అనే అర్థాలూ ఉండేవి. సంస్కృతంలో ‘ధా’ ధాతువు ఉంది కదా, నిధి, నిధానం లాంటి మాటల్లో కనిపించేది... దానికీ దీనికీ చుట్టరికం. బట్టలు వేసుకోవడానికి ‘డాన్’ అని, టోపీ తీయడానికి ‘డాఫ్’ అని ఇంగ్లిషులో రెండు మాటలున్నాయి. అవి ‘డూ ఆన్’, ‘డూ ఆఫ్’ కలిసిపోగా వచ్చినవే. ఆ లెక్కన ‘డూ అవే’ అంటే తీసి అవతల పెట్టడం. ఇలా చెబితే ఇంగ్లిషు ముక్క రాని అమ్మమ్మకైనా అర్థమైపోతుంది.

ఆ మాటకొస్తే మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? కోర్టు కేసు కొట్టేసింది. దొంగ పర్సు కొట్టేశాడు. రెండు చోట్లా దెబ్బ తిన్నవాళ్లు ఎవరూ లేరు. నిషేధం ఎత్తేశారు, ఊరికొచ్చే బస్సు ఎత్తేశారు, నష్టం వస్తోందని కొట్టు ఎత్తేశారు. ఇందులో ఎవరూ ఏ బరువూ ఎత్తలేదు. సినిమాలో విలన్ ‘లేపేయండ్రా’ అంటే, నిద్ర లేపమన్నాడని ఏ అనుచరుడూ కాఫీ పట్టుకుని వెళ్లడు! నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగు నేర్చుకునే విదేశీయుడు వీటి దగ్గర పడే అవస్థే మనం ‘డూ అవే విత్’ దగ్గర పడుతున్నాం. తేడా ఏమిటంటే, మన ‘ఎత్తేయడం’, ‘లేపేయడం’ రెండు పనులనూ వాళ్లు ఒకే మాటతో కానిచ్చేస్తారు. కర్మ స్థానంలో ఏముందో చూస్తే తప్ప ఏ అర్థమో తేలదు.

అందుకు మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్యంగా వస్తున్న గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. కరణాలు, మునసబులు, తెలంగాణలో అయితే పటేళ్లు, పట్వారీలు... తరాల తరబడి ఊరి లెక్కలు చేతిలో పెట్టుకున్నవాళ్ల పెత్తనం ఒక్కసారిగా పోయింది. ఊళ్లో జనం ‘కరణాలను తీసేశారు’ అన్నారు. తెలుగులో ఆ వాక్యంతో పేచీ లేదు. దాన్నే ఇంగ్లిషులో పెట్టేటప్పుడు ‘డిడ్ అవే విత్’ తర్వాత కరణీకం అనో, కరణాల వ్యవస్థ అనో రాయాలి. తొందరలో ‘మా ఊరి కరణం’ అని రాస్తే ఆయన్ని హత్య చేశారని అర్థం! చట్టం రాసినవాళ్లు జాగ్రత్తగానే ఉన్నారు. రద్దయింది ‘పోస్టులు’ అనే రాశారు. తెలంగాణలో వీఆర్వోలను తీసేసిన 2020 నాటి చట్టం పేరులోనూ పోస్టుల మాటే ఉంది. పోస్టు పోయినా ఊళ్లో పని పోదు కాబట్టి 2025లో గ్రామ పాలన అధికారుల పేరుతో కొత్తవాళ్లు వచ్చారు. అది వేరే కథ.

పోస్టు పోవడమన్నది కాగితం మీద మూడు చిన్న మాటలే కావచ్చు, ఇంట్లో మాత్రం చిన్న విషయం కాదు. ఓ చిన్న పట్నంలో ప్రైవేటు కంపెనీలో ఇరవై ఏళ్లుగా రికార్డులు చూసుకునే గుమాస్తా ఇంటికి ఉత్తరం వచ్చిందనుకుందాం. ‘మీ పోస్టు హ్యాజ్ బీన్ డన్ అవే విత్’ అని అందులో ఒక వాక్యం. ఇంటర్ చదివే కూతురు పెద్దగా చదువుతుంది. ‘అవే’ అంటే దూరం కదా, దూరంగా ఎక్కడికో బదిలీ చేసినట్టున్నారు నాన్నా అంటుంది. తల్లి బాధంతా పిల్ల చదువు మధ్యలో ఊరు మారాలా అని. ఆయన మర్నాడు ఏ బ్రాంచో కనుక్కుందామని ఊరుకుంటాడు. అభ్యంతరం చెప్పుకోవడానికి ఉత్తరంలో ఇచ్చిన పదిహేను రోజుల్లో ఒక రోజు అప్పుడే గడిచిపోతుంది. అందులో ‘టెర్మినేట్’ అనో ‘డిస్మిస్’ అనో ఉంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోయేవారు కాదు. పైగా ఆ వాక్యంలో పోస్టు తీసేసిందెవరో లేదు. అదేదో దానంతటదే పోయినట్టుంది! ఆఫీసు ఉత్తరాల్లో కర్మణి ప్రయోగం ఎందుకంత ఎక్కువో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

ఇక వాడకంలో తేడాలు. జలుబు, బొద్దింకలు, పాత సోఫా... వీటిని వదిలించుకోవడానికి ‘గెట్ రిడ్ ఆఫ్’ సరిపోతుంది. అది ఎవరైనా చేయగలిగిన పని. ‘డూ అవే విత్’ ఎక్కువగా పద్ధతికీ, రూలుకీ, పదవికీ, ఆచారానికీ. కాబట్టి చేసేవాళ్ల చేతిలో కాస్త అధికారం ఉండాలి. విడతలవారీగా తప్పిస్తే ‘ఫేజ్ ఔట్’. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలును అలాగే సాగనంపారు. మంచివాటి మధ్య దాక్కున్నవాటిని ఏరేస్తే ‘వీడ్ ఔట్’. బోగస్ రేషన్ కార్డుల ఏరివేత అన్నమాట. కలుపు తీసిన రైతుకు ఈ మాట ఎవరూ నేర్పక్కర్లేదు.

చట్టం భాషలో అయితే ‘అబాలిష్’. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనం గురించి ఉన్నది ఆ మాటే. అయితే చట్టంలో ‘అబాలిష్’ అయింది ఊళ్లో ‘డన్ అవే విత్’ అయినట్టు కాదని, టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మనవాళ్లు తరచూ జారవిడిచేది చివరి ‘విత్’ని. ‘ద రూల్ వాజ్ డన్ అవే’ అని ఆపేస్తారు. వాక్యం చివర ఒంటరిగా వేలాడే ‘విత్’ తప్పులా కనిపిస్తుంది మరి! కానీ అది ఉండాల్సిందే. మూడు మాటల మధ్యలో రూలుని దూర్చినా ఒప్పుకోదు. కర్తరి వాక్యంలో రూలు ‘విత్’ తర్వాతే.

ఇంకో ప్రమాదం ‘డూ వితౌట్’తో ఉంది. అది లేకుండా సర్దుకుపోవడం. ఖర్చులు పెరిగి, వంటమనిషిని మానిపించి సర్దుకుంటున్నామని అమెరికాలో ఉన్న అబ్బాయి పక్కింటివాళ్లకు చెప్పబోయి, ‘వుయ్ డిడ్ అవే విత్ అవర్ కుక్’ అన్నాడనుకోండి... వాళ్లు తలుపేసుకుని పోలీసులకు ఫోన్ చేసినా తప్పు పట్టలేం.