నర్సు విద్యార్థినులకు మన తోడ్పాటు

ఇంటిలో నొకరికి జబ్బుచేసి ఆసుపత్రిలో చేర్చవలసివచ్చినప్పుడు డాక్టరుగారి పేరు మనకు పదికాలములపాటు జ్ఞాపకముండును. అర్ధరాత్రమున వచ్చి సెలైను సీసా మార్చి, జ్వరము చూచి, పక్కబట్టలు సవరించి, "భయము లేదమ్మా" అని పోయిన పిల్ల పేరు మాత్రము మరునాటికే మరచిపోవుదుము. 2020వ సంవత్సరము మార్చి 22వ తేదీ సాయంకాలమున మేడలపై నిలిచి పళ్లెములు మ్రోగించి అట్టివారికి కృతజ్ఞత తెల్పితిమి. కొలది దినములకే, అంటురోగుల వార్డులో పనిచేయుచున్నారను భయముచే నర్సులను అద్దెయిండ్లనుండి పొమ్మన్న యజమానులును మన దేశమున బయలుదేరిరి. వైద్యసేవకులపై దౌర్జన్యమును బెయిలుకు వీలులేని నేరముగా చేయుచు కేంద్రప్రభుత్వము ఆ ఏప్రిలు 22వ తేదీన ఆర్డినెన్సు తేవలసివచ్చెను. పళ్లెము మ్రోగించుట సులభము. ఆ పిల్ల నర్సు అగునంతవరకును, అయిన పిమ్మటను ఆమెకు తోడు నిలుచుట యెట్లు? సోదరీమణులారా! ఈ ప్రశ్నకు మేము మా పేటలో కనుగొన్న కొలదిపాటి సమాధానమును మీ యెదుట నుంచుచున్నాము.

మేము యూసుఫ్‌గూడలో నివసించు నలుగురు స్త్రీలము. మాలో నొకరు ముప్పదియేండ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు; ఒకరు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పినవారు; ఒకరు న్యాయవాదిని; నాల్గవవారు గృహిణి. ఆమె ముందుగదియే మా బడి. మా పేట యెట్టిదో హైదరాబాదు నెఱిగినవారికి చెప్ప నక్కఱలేదు. ఒకప్రక్క కృష్ణానగరులోని సినిమాపనివారు, ఒకప్రక్క పోలీసు బెటాలియను, సందుసందునను ఆడపిల్లల హాస్టళ్లు. 2019లో మెట్రోరైలు వచ్చినది మొదలు ఇచ్చట రైలెక్కి, మధురానగరు దాటి, అమీరుపేటలో దిగి శిక్షణాలయములకు పోవువారు కొందఱు. అచ్చటనే రైలు మారి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి దిక్కునకు పోవువారు కొందఱు. వీరిలో ఖమ్మము, నల్లగొండ, ఆదిలాబాదు, శ్రీకాకుళము మొదలగు జిల్లాలనుండి నర్సింగు చదువునకై వచ్చిన పిల్లలును కలరు. ఆదివారము సాయంత్రము ఐదారుగురు మా గదికి వత్తురు. పరీక్షలు సమీపించినచో పదునైదుగురు గూడ వత్తురు. రుసుము లేదు, టీ మాత్రము కలదు.

నర్సింగు చదువులో ఏ.ఎన్.ఎం. రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.యస్సి. నాలుగేండ్లు. జి.ఎన్.ఎం., బి.యస్సి. పుస్తకములన్నియు ఇంగ్లీషువే. పదవ తరగతివరకు తెలుగుబడిలో చదివిన పిల్ల ఒక్కసారిగా శరీరశాస్త్రమును, ఔషధశాస్త్రమును ఇంగ్లీషులో చదువవలెను. ఆమె యేమి చేయును? కంఠస్థము చేయును. ఒక సాయంత్రము ఖమ్మముజిల్లా పిల్ల యొకతె, రక్తప్రసరణము కుంగిపోయిన రోగి లక్షణములను వరుసతప్పక అప్పగించెను. అందులో చర్మము "కోల్డ్ అండ్ క్లామీ" అని యుండెను. క్లామీ యనగా నేమని అడిగితిమి. తెలియదనెను. చల్లగా, చెమ్మగా, పట్టుకొన్న చేతికి అంటుకొనునట్లుండుట యని చెప్పగా ఆ పిల్ల కొంతసేపు మాటాడక, "మా అక్క కాన్పైన రాత్రి రక్తం పోతుంటే చేయి పట్టుకున్న మేడమ్. ఇట్లనే ఉండె. 108 బండి వచ్చి తీస్కపోయిన్రు కాబట్టి బతికింది" అనెను.

పరీక్షలో వ్రాయుచున్న లక్షణమును ఆమె తన చేతితో నెన్నడో తాకియున్నది. పుస్తకములోని మాటకును, చేతికి తెలిసిన సంగతికిని నడుమ వంతెన లేదు, అంతే. నాటినుండి మా బడిలో నొక నియమ మేర్పడినది. ఏ పాఠమైనను ముందు తెలుగున, మన యింటిమాటలలో చెప్పవలెను. ఆ పిమ్మట ఇంగ్లీషు పేరు పెట్టవలెను. అర్థము గాని మాట పరీక్షలో నొక మార్కు పోగొట్టును. వార్డులో ప్రాణాపాయము తెచ్చును. కచ్చేరిలో ఆ పిల్లపై నేరముగా నిలుచును. అందుచే చదువు, వార్డులో శిక్షణ, చట్టము అను మూడును వేర్వేరు సాయములు కావనియు, ఒకదానిని విడిచి రెండవది నిలువదనియు మాకు తోచినది.

మందుల లెక్కయు నట్టిదే. ఒక సీసాలో 10 మిల్లీలీటర్లకు 500 మిల్లీగ్రాముల మందున్నది, డాక్టరు 250 మిల్లీగ్రాములు వ్రాసినాడు, ఎంత తీయవలెను? సూత్రము వల్లెవేసిన పిల్ల తడబడును. ఒక గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల నీరైనచో అరగ్లాసు బియ్యమున కెంత యని మా గృహిణి అడుగగా అదే పిల్ల తడుముకొనక చెప్పును. వంటింట తెలిసిన లెక్కయే వార్డులో 5 మిల్లీలీటర్లయినది. సెలైను 1000 మిల్లీలీటర్లు 8 గంటలలో పోవలెను, గొట్టము మిల్లీలీటరుకు 20 చుక్కలు వదలును అన్నచో, మొత్తము 20,000 చుక్కలను 480 నిమిషములకు పంచినయెడల నిమిషమునకు సుమారు 42 చుక్కలు. మైక్రోగ్రాము మిల్లీగ్రాములో వెయ్యవవంతు. ఒకదానిని మరొకటిగా చదివినచో మందు వేయిరెట్లగును. ఈ సంగతి చెప్పినప్పుడు గదిలో నెవ్వరును నవ్వరు.

వార్డులో శిక్షణ సంగతి మాలోని నర్సమ్మగారు చెప్పుదురు. పని నేర్పువారు రెండు విధములు. తప్పు జరిగినప్పుడు రోగి యెదుటనే కేకలువేయువారు కొందఱు. ఒకసారి తాము చేసి చూపి, రెండవసారి ప్రక్కన నిలిచి చేయించి, మూడవసారి దూరమునుండి కనిపెట్టువారు కొందఱు. మొదటివారియొద్ద పిల్లలు తప్పును దాచుట నేర్చుకొందురు. రెండవవారియొద్ద పని నేర్చుకొందురు. గుండె ఆగినప్పుడు ఎదురురొమ్మును నొక్కు విధమును ఆమె మా గదిలో గట్టి పరుపుముక్కపై చేయించుదురు: నిమిషమునకు 100 మొదలు 120 వరకు, ఐదు సెంటీమీటర్లకు తక్కువ గాని లోతున, 30 నొక్కులకు రెండు ఊపిరులు. ఇక వ్రాతపని. చేసినది చేసిన గంటకే వ్రాయుము, చేయనిది వ్రాయకుము, తప్పుపడిన మాటను చెరుపక, ఒక గీతతో కొట్టి సంతకము చేయుము. రేపు ఏదైన విచారణ వచ్చినచో నర్సు పక్షమున మాటాడునది ఆ కాగితమే.

ఇక చట్టము. రెండేండ్లక్రిందట మాయొద్ద చదువుకొన్న పిల్ల యొకతె నగరములోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుదిరెను. చేరిననాడే అసలు సర్టిఫికెట్లన్నియు తీసుకొని, రెండేండ్ల బాండుపై సంతకము చేయించుకొనిరి. ఏడాది తిరుగకముందే ఆమెకు వేరొకచోట మంచి ఉద్యోగము వచ్చి, పండ్రెండు దినములలో సర్టిఫికెట్లు చూపవలెనని కబురు వచ్చెను. లక్ష రూపాయలు కట్టినగాని కాగితములు రావని ఆసుపత్రివా రనిరి. తండ్రి పాడిగేదెల నమ్మి డబ్బు తెత్తుననెను. మా న్యాయవాదిని వలదని వారించిరి. విద్యాసర్టిఫికెట్టు తాకట్టు వస్తువు కాదనియు, బాకీ నెపమున దానిని పట్టియుంచరాదనియు మదరాసు హైకోర్టు తీర్పులు గలవు. బాండులో వ్రాసిన మొత్తమంతయు కట్టి తీరవలెననుటయు సరికాదు. 1872నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము కోర్టు ఇప్పించునది ఆ మొత్తమునకు మించని న్యాయమైన పరిహారము మాత్రమే. ఈ విషయములు వ్రాసి నోటీసు పంపగా తొమ్మిదవనాడు కవరు తిరిగివచ్చెను. ఆ పిల్ల మా గదిలోనే నేలపై కూర్చుండి పదవతరగతి మెమో, ఇంటరు మెమో, డిప్లొమా, కౌన్సిలు రిజిస్ట్రేషను ఒక్కొక్కటిగా పరచి లెక్కించుకొనెను. చివరినెల జీతము మాత్రము నేటికిని రాలేదు. అదే ఆసుపత్రిలో అదే బాండుక్రింద నున్న ఆమె స్నేహితురాలు భయపడి మాయొద్దకు రానేలేదు.

ఆ రాని పిల్లకొరకే ఈ నాలుగు మాటలును వ్రాయుచున్నాము. కళాశాలలు అసలు సర్టిఫికెట్లు తమయొద్ద నుంచుకొనరాదని విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2018లో ప్రకటించినది. పనిచేయుచోట లైంగిక వేధింపును నిషేధించు 2013నాటి చట్టము ఆసుపత్రులను, నర్సింగు హోములను పేరు పెట్టియే చెప్పుచున్నది. శిక్షణలో నున్నవారికిని అది వర్తించును. ఫిర్యాదు మూడునెలలలో చేయవలెను. రోగి బంధువులు చేయిచేసుకొన్నచో, 2008లో ఉమ్మడి రాష్ట్రమున వచ్చిన చట్టము నర్సులతోపాటు నర్సింగు విద్యార్థినులను గూడ రక్షణలో చేర్చినది. అన్నిటికంటె ముఖ్యమైనది: 1987నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయ మెంతయైనను, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. 15100 అను నంబరునకు ఫోను చేసిన చాలును.

జీతముమాట గూడ చెప్పవలెను. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల కష్టములపై 2016 జనవరిలో సుప్రీముకోర్టు ఆదేశింపగా కేంద్రప్రభుత్వము వేసిన సంఘము కొన్ని సిఫారసులు చేసినది. 200 పడకలకు మించిన ఆసుపత్రులలో జీతము ప్రభుత్వ నర్సులతో సమానముగా నుండవలెను. 100కు మించినచోట తగ్గింపు నూటికి 10కి, 50 మొదలు 100 వరకు నున్నచోట నూటికి 25కు మించరాదు. అంతకంటె చిన్నవానిలోనైనను నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు. వీనిని అమలులో పెట్టుట రాష్ట్రముల వంతు. సిఫారసు చట్టము కాదు; అయినను తన పనికి పెద్దలు కట్టిన విలువ యెంతయో తెలిసిన పిల్ల, జీతము మాటాడునప్పుడు తలవంచుకొని కూర్చుండదు.

ఇట్టి పని క్రొత్తది కాదు. 1937లో దుర్గాబాయమ్మగారు మదరాసులో స్థాపించిన ఆంధ్రమహిళాసభ తొలి దినములలో చేసిన పనులలో నొకటి, బడి మధ్యలో మానిన స్త్రీలకు కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు పాఠములు చెప్పుట. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ మండలి 1958లో పెద్దవయస్సు స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమము ప్రారంభించినది. నర్సు పనికి, మంత్రసాని పనికి, ఉపాధ్యాయినీ పనికి చేరగోరు స్త్రీలకు కావలసిన చదువు లేకపోవుటయే నాటి ఆటంకము. నేడు చదువు దొరకినది. దానిని అర్థము చేసికొనుటకును, దానితో గౌరవముగా బ్రదుకుటకును తోడు చాలకున్నది. 1947నాటి నర్సింగు కౌన్సిలు చట్టము స్థానమున నిలుచుటకై పార్లమెంటు 2023లో క్రొత్త కమిషను చట్టమును ఆమోదించినది. చట్టములు మారును, వానిని హాస్టలుగదిలోని పిల్లకు చదివి చెప్పువారు ఎప్పుడును కావలెను.

సోదరీమణులారా! దీనికి సంఘము, భవనము, చందాలు అక్కఱలేదు. మీలో ఇంగ్లీషు వచ్చినవారు వారమున కొక గంట ఇయ్యవచ్చును. న్యాయశాస్త్రము చదివినవారు ఒక బాండు కాగితమును సంతకమునకు ముందు చదివి పెట్టవచ్చును. విశ్రాంతి తీసుకొన్న నర్సమ్మలు తమ చేతిలోని పనితనమును పంచవచ్చును. ఇవేవియు లేనివారు గూడ చేయదగిన పని యున్నది. మీ యింట అద్దెకున్న పిల్లకు రాత్రి డ్యూటీ యున్నచో, ఉదయము తొమ్మిదిగంటలకు ఆమె తలుపు తట్టకుడు. ఆమె కది నడిరేయి. రాత్రి పదిగంటలకు గేటుకు తాళము వేయు నియమముండినచో ఆమెకొక తాళపుచెవి ఇండు. రాత్రివేళ వచ్చు పిల్లనుగూర్చి పొరుగువారు గొణిగినచో, ఆమె యెక్కడనుండి వచ్చుచున్నదో మీరే చెప్పుడు. కూతురు నర్సు చదువు చదివెదనన్నచో సంబంధములు రావని వెనుదీయకుడు.

వచ్చే ఆదివారమున మా గదిలో మూత్రపిండముల పాఠము. ముందు తెలుగున, పిమ్మట ఇంగ్లీషున. మీ పేటలోను ఇట్టి గది యొకటి తెరచినచో, మొదటిదినము ఒక్క పిల్లయే వచ్చినను చాలునని తలంపుడు. మాకును మొదటిదినము వచ్చినది ఒక్కతెయే.